గణాంక శాస్త్ర బోధనకు విద్యార్థి సొంత దత్తాంశం

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థి గణాంక శాస్త్ర ప్రాక్టికల్ రికార్డును తెరిచి చూస్తే మొదటి అభ్యాసం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘ఇరవై వరి మొక్కల ఎత్తులు సెంటీమీటర్లలో ఇవ్వబడినవి. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం కనుగొనుము.’ ఆ ఇరవై అంకెలూ పై తరగతి విద్యార్థి రికార్డులోనూ అవే, అంతకు ముందు సంవత్సరం రికార్డులోనూ అవే. విద్యార్థి వాటిని ఎక్కించుకుని, సూత్రం రాసి, నాలుగు దశాంశ స్థానాల వరకు విచలనం కట్టి, సంతకం చేయించుకుంటాడు. ఈ ఎత్తును నేల నుండి ఎక్కడి వరకు కొలిచారు, పోటాకు కొన వరకా, వెన్ను కొన వరకా అని మౌఖిక పరీక్షలో అడిగితే సమాధానం ఉండదు. అది విద్యార్థి తప్పు కాదు. అడిగిన నాకూ తెలియదు.

అదే విద్యార్థి నాలుగో సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లి ‘ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయి?’ అని రైతును అడుగుతాడు. రైతు ‘ముప్పై’ అంటాడు. విద్యార్థి ముప్పై అని రాసుకుంటాడు. ఆ ముప్పై కాటా వేసి చెప్పినదా, కళ్లంలో లెక్కపెట్టినదా, కౌలు పోగా మిగిలినదా, పచ్చి ధాన్యమా, ఆరిన ధాన్యమా అన్న అనుమానం అతనికి రాదు. అంకె అంటే ఎవరో ఇచ్చేది అని అతని రికార్డు అతనికి నేర్పింది. తరువాత ఉద్యోగంలో చేరి పంట కోత ప్రయోగానికి తాడు, త్రాసు పట్టుకుని పొలంలో నిలబడినప్పుడు అతను రాసే అంకె మీద ఒక గ్రామ రైతుల బీమా పరిహారం ఆధారపడి ఉంటుంది. కాబట్టి గణాంక శాస్త్ర పాఠంలో విద్యార్థి కట్టే మొదటి సగటు అతను తన దినచర్య నుండి తానే సేకరించుకున్న అంకెల సగటు అయి ఉండాలని నా అభిప్రాయం. వసతిగృహం నుండి తరగతికి పట్టిన నిమిషాలు, నిద్రపోయిన గంటలు, చరవాణి చూసిన సమయం, నడిచిన అడుగులు, టీకి పెట్టిన ఖర్చు, ఇంటి పాల పుస్తకం వంటివాటిలో ఏదైనా సరిపోతుంది.

ఇది ఈ కాలపు సరదా ఆలోచనగా కొందరు సహాధ్యాపకులు భావించవచ్చు. మనం రోజూ బోధించే పద్ధతుల పుట్టుక చూస్తే అలా అనిపించదు. చిన్న నమూనాలకు మనం వాడే టి-పరీక్షకు ఆధారమైన వ్యాసం 1908లో బయోమెట్రికా పత్రికలో ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో వెలువడింది. రచయిత డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం సీలీ గాసెట్. బార్లీతో నిత్యం పని ఉన్న ఆయన ఆ వ్యాసంలో ముఖ్య ఉదాహరణగా తీసుకున్నది బార్లీని కాదు. రెండు నిద్ర మందులు వాడిన పదిమంది అదనంగా ఎన్ని గంటలు నిద్రపోయారన్న లెక్కను తీసుకున్నారు. ఆ దత్తాంశం ఆయన సొంతం కాదు, 1905లో కుష్నీ, పీబుల్స్ ప్రచురించినది. దాన్ని ఎత్తి రాసేటప్పుడు గాసెట్ మందుల పేర్లను తప్పుగా రాశారు. అదే తప్పు 1925లో ఫిషర్ ప్రసిద్ధ గ్రంథంలోకీ చేరింది. లెక్క మాత్రం సరిగానే ఉంది. తాను కొలవని అంకె చేతికి వచ్చినప్పుడు ఎంత గొప్పవారికైనా ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండో ఉదాహరణ టీ కప్పుది. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శైవల శాస్త్రవేత్త మ్యూరియల్ బ్రిస్టల్, కప్పులో ముందు పాలు పోశారా, ముందు డికాక్షన్ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్నారని, దాని నుండే ఫిషర్ ఒక ప్రయోగాన్ని రూపొందించారని ప్రతీతి. 1935లో వచ్చిన ప్రయోగ రూపకల్పన గ్రంథంలో ఆ మహిళ పేరు చెప్పకుండా ఫిషర్ దాన్ని వివరించారు. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం, వరుస యాదృచ్ఛికం. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచుకునే విధాలు 70. కేవలం ఊహతో నాలుగూ సరిగా చెప్పే అవకాశం 70లో 1, అంటే 0.014. ఒక్కటి తప్పినా చాలు, ఊహతో అంత మాత్రమో అంతకన్నా మెరుగో చెప్పే అవకాశం 70లో 17కు పెరిగి, ఆ ఫలితానికి ఏ విలువా లేకుండా పోతుంది. గేదె పాల టీకీ ప్యాకెట్ పాల టీకీ తేడా ఇట్టే చెప్పగలమనేవారు మన వసతిగృహాల్లో గదికి ఒకరు ఉంటారు. ఒక మధ్యాహ్నం, ఎనిమిది కప్పులు, ఒక చీట్ల డబ్బా ఉంటే శూన్య పరికల్పన, యాదృచ్ఛికీకరణ, 0.05 స్థాయి అన్నవి మూడూ ఆ కప్పుల చుట్టూ కూర్చున్నవారికి అర్థమవుతాయి. చీట్లు ఎందుకు తీయాలి, మనకు తోచిన వరుసలో పెడితే ఏం అన్న ప్రశ్న వారే వేస్తారు. యాదృచ్ఛిక ఖండాల విన్యాసాన్ని నల్లబల్ల మీద గీసి చూపినప్పుడు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

దినచర్య నమోదు సంగతికి వస్తాను. నేను విద్యార్థులకు ఇచ్చే పని చిన్నది. ఏదైనా ఒక్క విషయాన్ని ఇరవై ఒక్క రోజులు నమోదు చేయాలి. మొదలుపెట్టే ముందే ఒక పేజీలో దాని నిర్వచనం రాసి నాకు ఇవ్వాలి. తరువాత దాన్ని మార్చకూడదు.

అసలు చదువు ఆ నిర్వచనం దగ్గరే మొదలవుతుంది. ‘నిద్రపోయిన గంటలు’ అని రాసుకున్న విద్యార్థి మూడో రోజుకే వచ్చి నిలబడతాడు. పడుకున్నది పదిన్నరకు, చరవాణి పక్కన పెట్టింది పదకొండున్నరకు, నిద్ర పట్టింది ఎప్పుడో తెలియదు, మధ్యాహ్నం తరగతిలో పట్టిన కునుకు లెక్కలోకి వస్తుందా? ‘తరగతికి పట్టిన సమయం’ అంటే గది తలుపు నుండా, గేటు నుండా? దారిలో స్నేహితుడి కోసం ఆగిన ఐదు నిమిషాలు కలపాలా, తీసివేయాలా? ఈ ప్రశ్నలకు పుస్తకంలో సమాధానం లేదు. ఏదో ఒకటి నిర్ణయించుకుని, దాన్ని రాసి ఉంచి, చివరి వరకు దానికి కట్టుబడి ఉండాలి, అంతే. పిలకల సంఖ్య లెక్కపెట్టేటప్పుడు వెన్ను వేయని పిలకను కలపాలా వద్దా అన్నదీ, తెగులు సోకిన ఆకు అంటే ఎన్ని మచ్చలున్న ఆకు అన్నదీ ఇదే జాతి ప్రశ్నలు. అయితే పొలంలో వాటికి మార్గదర్శి ముందే సమాధానం చెప్పేస్తారు కాబట్టి, అక్కడ ఒక నిర్ణయం జరిగిందన్న సంగతి కూడా విద్యార్థికి తెలియకుండా పోతుంది.

సగటుకూ మధ్యగతానికీ గల తేడా ఈ నమోదులో దానంతటదే తేలుతుంది. ఒక విద్యార్థి బస్సు కోసం ఐదు రోజులు వరుసగా 8, 10, 10, 12, 60 నిమిషాలు నిలబడ్డాడనుకుందాం. సగటు 20 నిమిషాలు. కాని అతను ఏ ఒక్క రోజూ ఇరవై నిమిషాలు నిలబడలేదు. మధ్యగతం 10. బస్సు చెడిపోయిన ఆ అరవై నిమిషాల రోజును ‘అసాధారణ విలువ’ అని కొట్టివేయవచ్చా అని అడిగితే, ఆ రోజు ఎండలో నిలబడినవాడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడానికి అతని దగ్గర కారణం ఉంది. ఆ అంకె వెనుక ఏం జరిగిందో అతనికి తెలుసు. మన ప్రయోగ క్షేత్రాల్లో విచలన గుణకం ఎక్కువ వచ్చిందని ఒక మడి అంకెను తీసివేసే ముందు ఆ మడిలో ఏం జరిగిందో తెలుసుకునే అలవాటు ఎంతమందికి ఉంది?

ఇక ఖాళీలు. ఇరవై ఒక్క రోజుల్లో కనీసం రెండు మూడు రోజులు రాయడం మరచిపోవడం సహజం. అయినా మొదటిసారి ఈ పని ఇచ్చినప్పుడు దాదాపు అందరి పట్టికలూ నిండుగా వచ్చాయి. ఒక్క అమ్మాయి మాత్రం నాలుగు గడులు ఖాళీగా వదిలి, పక్కన ‘ఊరికి వెళ్లాను, రాయలేదు’ అని రాసింది. నేను ఆ రోజు చేసిన పొరపాటు ఏమిటంటే, అసంపూర్ణమని ఆమెకు మార్కులు తగ్గించాను. వారం తరువాత మిగిలిన పట్టికలు తిరగేస్తుంటే చాలావాటిలో చివరి అంకెలన్నీ 0 లేదా 5 అని కనిపించింది. నిమిషాల్లో కొలిచిన సమయం అన్ని రోజులూ ఐదు గుణిజాల్లోనే ఎలా పడుతుంది? కూర్చుని ఒకేసారి నింపిన పట్టికలవి. నిజాయతీగా ఖాళీ వదిలిన ఒక్కరికే మార్కులు పోయాయి. ఆ మరుసటి తరగతిలో ఆమె మార్కులు తిరిగి వేసి, నా పొరపాటు అందరి ముందు ఒప్పుకుని, నియమం మార్చాను. కారణం రాసిన ఖాళీ గడికి మార్కు ఉంటుంది. కారణం లేని నిండు పట్టికను ప్రశ్నిస్తాను.

సున్నాకూ ఐదుకూ మొగ్గడం మన విద్యార్థుల ప్రత్యేక దుర్గుణం కాదు. జనాభా లెక్కల్లో వయస్సులు 30, 35, 40 దగ్గర కుప్పలు పడడం జనాభా శాస్త్రజ్ఞులకు ఎప్పటి నుండో తెలిసిన విషయం. దాన్ని కొలవడానికి విప్పుల్ సూచిక అనే ప్రత్యేక కొలమానమే ఉంది. విస్తరణ పరిశోధనలో రైతులు చెప్పిన దిగుబడులను, ఎరువు మోతాదులను పౌనఃపున్య పట్టికగా వేసి చూసినవారికి అక్కడా ఇవే కుప్పలు కనబడతాయి. తన పట్టికలో ఆ కుప్పను ఒకసారి చూసుకున్న విద్యార్థి రైతు పట్టికలో దాన్ని గుర్తుపడతాడు. రైతును తప్పుపట్టకుండా గుర్తుపడతాడు, అది ఇంకా ముఖ్యం.

విస్తరణ శాస్త్రవేత్తలకు నేను ప్రత్యేకంగా సిఫారసు చేసే అభ్యాసం మరొకటి ఉంది. తరగతిలో ఎవరూ ఊహించని సమయంలో ఒక తెల్ల కాగితం ఇచ్చి, ‘గత సోమవారం మీరు చరవాణిని మొత్తం ఎన్ని గంటలు చూశారు? ఎన్నిసార్లు తెరిచారు?’ అని అడగాలి. జ్ఞాపకం మీద రాసిన తరువాత, చరవాణి తనంతట తాను నమోదు చేసిన లెక్కను తెరిచి పక్కన రాయమనాలి. ఆ రెండో అంకెను ఎవరికీ చూపనక్కరలేదు. రెండింటి తేడాను మాత్రం ధన, రుణ గుర్తుతో ఒక చీటీ మీద రాసి, పేరు లేకుండా డబ్బాలో వేయాలి. ఆ తేడాల పటాన్ని నల్లబల్ల మీద గీస్తే రెండు వేర్వేరు విషయాలు కంటికి కనబడతాయి. తేడాలు సున్నాకు ఇరువైపులా చెదిరి ఉంటే అది యాదృచ్ఛిక దోషం, ఎక్కువ మందిని అడిగితే సగటులో చాలావరకు సర్దుకుంటుంది. అన్నీ ఒకే వైపుకు మొగ్గి ఉంటే అది బయాస్. పదిమందిని అడిగినా, పదివేలమందిని అడిగినా అది పోదు.

ఇప్పుడు మన ప్రశ్నావళులను ఒకసారి తలచుకుందాం. ‘గత ఖరీఫ్‌లో పురుగు మందులు ఎన్నిసార్లు పిచికారీ చేశారు? ఎకరాకు కూలీల ఖర్చు ఎంత? విస్తరణ అధికారిని ఎన్నిసార్లు కలిశారు?’ ఎనిమిది, పది నెలల క్రితం సంగతులు అవి. కూలి డబ్బు ఇంట్లో ఎవరు లెక్కపెట్టి ఇచ్చారో వారిని అడగకుండా, అరుగు మీద కూర్చున్న ఇంటి యజమానిని అడిగి రాసుకుంటాం. వచ్చిన సమాధానాలకు సహసంబంధ గుణకాలు కట్టి, నక్షత్రపు గుర్తులు పెడతాం. వారం క్రితం సోమవారం తన చేతిలో ఉన్న పరికరాన్ని ఎంతసేపు చూశాడో చెప్పలేకపోయిన పరిశోధక విద్యార్థి, నిరుటి ఖరీఫ్ గురించి రైతు చెప్పిన అంకెకు రెండు దశాంశ స్థానాలు పెట్టడానికి కాస్త తడబడాలి. ఆ తడబాటు మన సిద్ధాంత గ్రంథాల్లో కనబడడం లేదు. రైతు దగ్గర ఏదైనా చీటీ ఉందా, దుకాణం రసీదు ఉందా, గోడ మీద కాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నారా అని అడిగి, జ్ఞాపకం మీద చెప్పినదాన్నీ చూసి రాసినదాన్నీ రెండు వేర్వేరు నిలువు వరుసల్లో నమోదు చేయడం పెద్ద శ్రమ కాదు.

సొంత దత్తాంశంతో వచ్చే పెద్ద ప్రమాదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని నేను ఈ పద్ధతి లోపంగా కాక, ఇందులోని అత్యంత విలువైన పాఠంగా భావిస్తాను. ఇరవై ఒక్క రోజుల నిద్ర లెక్క తెచ్చిన విద్యార్థి ‘నమూనా పరిమాణం 21’ అని రాస్తాడు. దేని నమూనా? అతని నిద్ర గురించి అయితే 21 రోజులు. వసతిగృహ విద్యార్థుల నిద్ర గురించి అయితే నమూనా పరిమాణం 1. ఈ మాట చెప్పగానే తరగతిలో నవ్వులు వస్తాయి. ఒక మనిషిని ఇరవై ఒక్కసారి అడిగి ఇరవై ఒక్కమందిని అడిగానంటే ఎవరు ఒప్పుకుంటారు? కాని అదే తరగతి, ఒక్కొక్క ఎరువు మోతాదు ఒక్కొక్క మడికే వేసి, మడిలో ముప్పై దుబ్బులు కొలిచి ‘ముప్పై పునరావృతులు’ అని రాసిన పట్టికను నవ్వకుండా ఒప్పుకుంటుంది. మడి ఒక్కటే, దుబ్బులు ముప్పై. హర్ల్‌బర్ట్ 1984లో దీనికి మిథ్యా పునరావృతి అని పేరు పెట్టి, జీవావరణ పరిశోధనల్లో ఇది ఎంతగా పాతుకుపోయిందో చూపారు. మన ప్రదర్శన క్షేత్రాల నివేదికలకూ ఇది కొత్త కాదు. పైగా నిన్న ఆలస్యంగా పడుకున్నవాడి నేటి నిద్ర నిన్నటి దానితో ముడిపడి ఉన్నట్టే, పక్కపక్క దుబ్బులు ఒకే నీటిని, ఒకే నేలను పంచుకుంటాయి. అవి స్వతంత్ర పరిశీలనలు కావు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్లల్లో అంటారు. నమూనా సిద్ధాంతానికి ఇది చక్కని ఉదాహరణ అని పాఠాల్లో చెబుతుంటాం. కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగలో వండినవారిని అడిగితే వేరే మాట చెబుతారు. అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న గుండిగలో ఒక్క మెతుకు ఏమీ చెప్పదు. ఎక్కడెక్కడి నుండి తీయాలో తెలిసి నాలుగైదు చోట్ల గరిటె పెట్టాలి. మన పొలాలు ఇంటి కుక్కర్ కంటె పెళ్లి గుండిగకే దగ్గర.

పంట కోత ప్రయోగం నేర్పే ముందు నేను విద్యార్థుల అడుగులు కొలిపిస్తాను. కోత మడిని గుర్తించడానికి పొలం నైరుతి మూల నుండి పొడవు, వెడల్పుల వెంట అడుగులు లెక్కిస్తూ, యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం లోపలికి వెళ్లాలి. అంటే ఆ పద్ధతిలో మొదటి కొలత పరికరం అధికారి కాలే. యాభై మీటర్ల టేపు పరచి, పదిమంది విద్యార్థులు ఒక్కొక్కరు ఐదేసి సార్లు నడిచి అడుగులు లెక్కపెడితే యాభై అంకెలు వస్తాయి. ఒకే వ్యక్తి ఐదు నడకల మధ్య కొంత తేడా, వ్యక్తికీ వ్యక్తికీ మధ్య మరికొంత తేడా. విస్తృతి విశ్లేషణ పట్టికలో ‘మధ్య’, ‘లోపల’ అనే రెండు వరుసలు ఎందుకున్నాయో చెప్పడానికి ఇక వేరే ఉపన్యాసం అక్కరలేదు. అదే దూరం దమ్ము చేసిన మడిలో నడవమంటే అడుగు కురచనవుతుంది. చరవాణిలోని అడుగుల లెక్కను పోల్చి చూస్తే, రోడ్డు మీద ఒకలాగా, బురదలో ఒకలాగా చూపుతుంది. పరికరం చూపిందే సత్యం కాదని, దాన్ని మరో కొలతతో సరిచూడాలని నేర్పడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలియదు.

తాడు విషయంలో జరిగే దోషం ఎంత ఖరీదైనదో ఒక లెక్క చూద్దాం. వరికి కోత మడి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే 25 చదరపు మీటర్లు. హెక్టారుకు మార్చడానికి 400తో గుణిస్తాం. త్రాసులో ఒక కిలో తేడా హెక్టారుకు 400 కిలోలు, ఎకరాకు సుమారు 162 కిలోలు. 75 కిలోల లెక్కన రెండు బస్తాలకు పైమాట. ఇప్పుడు తాడు ప్రతి వైపు కేవలం 10 సెంటీమీటర్లు బయటికి జరిగిందనుకుందాం. మడి 5.2 మీటర్ల చదరమై, వైశాల్యం 27.04 చదరపు మీటర్లవుతుంది. దిగుబడి 8 శాతం ఎక్కువగా నమోదవుతుంది. అదే 10 సెంటీమీటర్ల దోషం ఒక మీటరు చదరపు మడిలో జరిగితే 44 శాతం ఎక్కువ చూపుతుంది. చిన్న కోత మడులు దిగుబడిని పెంచి చూపడం గురించి 1940లలో మహలనోబిస్, సుఖాత్మేల మధ్య జరిగిన చర్చకు మూలం ఈ గట్టు సమస్యే. గట్టు మీద ఉన్న దుబ్బును లోపలికి చేర్చుకోవాలనే చేతి తొందర అందరికీ ఉంటుంది.

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వంటి దిగుబడి ఆధారిత పథకాల్లో బీమా యూనిట్ సగటు దిగుబడి హామీ దిగుబడి కంటె ఎంత శాతం తగ్గితే, బీమా మొత్తంలో అంత శాతం పరిహారం లభిస్తుంది. హామీ దిగుబడి హెక్టారుకు 5,000 కిలోలు, నిజమైన దిగుబడి 4,650 కిలోలు అనుకుంటే రైతుకు 7 శాతం రావాలి. తాడు ఆ పది సెంటీమీటర్లు జరిగితే నమోదయ్యేది 5,029 కిలోలు. పరిహారం సున్నా. ఆ గ్రామంలో జరిపిన కోతలన్నింటినీ ఒకే చెయ్యి ఒకే తీరుగా చేస్తే, సగటు తీసినంత మాత్రాన ఆ దోషం పోదని చరవాణి అభ్యాసంలోనే చూశాం.

ఇంట్లో పాడి ఉన్న విద్యార్థులకు పాల కేంద్రం ఇచ్చే పుస్తకం సిద్ధంగా ఉన్న నిధి. తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ అందులో ఉంటాయి. సాయంత్రం పాలలో వెన్న శాతం సాధారణంగా ఎక్కువ. రాత్రి విరామం ఎక్కువ కావడం వల్ల ఉదయం పాల పరిమాణం పెరిగి వెన్న శాతం తగ్గుతుంది. ఏ రోజుకు ఆ రోజు తేడా తీసి జతల టి-పరీక్ష చేయించవచ్చు. జతలు విడదీసి లెక్క కట్టి, ఫలితం ఎలా మారుతుందో కూడా చూపాలి. ఒక జాగ్రత్త. చెల్లించిన డబ్బుకూ వెన్న శాతానికీ సహసంబంధం కట్టి ‘అత్యంత బలమైన సంబంధం’ అని మురిసిపోయే విద్యార్థి ఏటా ఒకరు ఉంటారు. అది కేంద్రం వారి ధరల సూత్రమే తప్ప గేదె చెప్పిన సత్యం కాదు.

అభ్యంతరాల్లో నేను అన్నింటికంటె గట్టిదిగా భావించేది గోప్యతకు సంబంధించినది. తరగతిలో అందరి ఎత్తు, బరువు కొలిచి బల్ల మీద రాసే పాత అలవాటును మానివేయాలి. ఇరవై ఏళ్ల వయసులో తన బరువును అరవైమంది ముందు చదివించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, ముఖ్యంగా ఆడపిల్లలకు. పైన చెప్పిన 1905 నాటి నిద్ర ప్రయోగంలోని పదిమంది మిషిగన్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగులు. వారి అంకెలు నూరేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో తిరుగుతున్నా, వారిని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న మన పాఠంలో రాదు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, సమ్మతి అనే మాట దానికి కేంద్రం. చట్టం మాట అటుంచి, మార్కులు వేసే అధ్యాపకుడు అడిగినప్పుడు విద్యార్థి ఇచ్చేది నిజమైన సమ్మతి అవునా అన్నది నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ప్రశ్న. అందుకే ఏ విషయం నమోదు చేయాలో ఎంపిక విద్యార్థిదే. శరీరం, ఆరోగ్యం, కులం, కుటుంబ ఆదాయం జాబితాలో ఉండవు. అసలు పట్టిక విద్యార్థి దగ్గరే ఉంటుంది, నాకు వచ్చేది విశ్లేషణ మాత్రమే. ఖరీదైన చేతి గడియారాలు ఉన్నవారికీ లేనివారికీ తేడా రాకుండా, చరవాణి అభ్యాసం తప్ప మిగిలినవన్నీ కాగితం, కలం, గోడ గడియారంతో చేయగలిగినవే కావాలి. చరవాణి లేనివారు ఆ రోజు డబ్బాలోని చీటీలు తీసి పటం గీసే పని చేస్తారు.

పాఠ్యాంశాలు పూర్తి కావన్న వాదన నాకు అంత బరువైనదిగా తోచదు. వారానికి ఒకటి చొప్పున వచ్చే ప్రాక్టికల్ తరగతుల్లో నేను అడిగేది మూడు. మిగిలినవాటిలో సూత్రాలు, విన్యాసాలు యథాతథంగా ఉండవచ్చు. సొంత దత్తాంశం అన్నీ నేర్పదు కూడా. నేలలోని హెచ్చుతగ్గులకు ఖండాలు ఎలా వేయాలో, మడి పరిమాణం ఎలా నిర్ణయించాలో నిద్ర లెక్క చెప్పలేదు. దానికి క్షేత్రం కావాలి, పాన్సే, సుఖాత్మే 1954లో వెలువరించిన గ్రంథం వంటివి కావాలి. తన జీవితంలోని రెండు విషయాలు కలిసి పెరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని తేల్చే ఉత్సాహమూ విద్యార్థికి వస్తుంది. పరీక్షల వారంలో టీ ఖర్చు పెరిగి నిద్ర తగ్గితే, టీ మానేస్తే నిద్ర వస్తుందని రాసినవారున్నారు. దాన్ని తరగతిలో విప్పి చూపడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటను నేను వృథాగా లెక్కించను.

పరీక్ష పద్ధతిలో మార్పు లేకపోతే మాత్రం ఇదంతా నిలవదు. రికార్డులో సరైన సమాధానం ఒక్కటే ఉన్నంతకాలం విద్యార్థి దాన్ని పై తరగతి రికార్డు నుండే తెచ్చుకుంటాడు. అరవైమంది తెచ్చిన అరవై వేర్వేరు పట్టికలకు అరవై వేర్వేరు సమాధానాలు ఉంటాయి. వాటిని దిద్దడం కష్టమే. నేను దిద్దేటప్పుడు ప్రామాణిక విచలనాన్ని గణన యంత్రానికి వదిలి, మూడు గడులు మాత్రం చదువుతాను: ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఏది రాయకుండా వదిలారు. ఈ సంవత్సరం నుండి వరి మొక్కల ఎత్తుల అభ్యాసం పైన కూడా ఆ మూడు గడులు గీయించాను. మొదటి బ్యాచ్‌లో అందరూ వాటిని ఖాళీగా ఉంచి, పక్కన ‘తెలియదు’ అని రాసి తెచ్చారు. అందరికీ పూర్తి మార్కులు వేశాను. మరుసటి వారం స్కేళ్లు పట్టుకుని కళాశాల పొలానికి వెళ్లాం.